యుద్ధనౌకల్లో సరుకు ఎక్కించడం, దాచడం ఇంకా చేతుల మీదే ఎందుకు?

గాజువాక_శ్రీను
నేను హైదరాబాద్‌లో గోదాముల ఆటోమేషన్ పని చేస్తుంటాను. ర్యాకుల మధ్య పట్టాల మీద షటిల్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఐటెమ్ నంబరు కొడితే ఏ మూలనున్న ప్యాలెట్ (సరుకు పేర్చి కట్టిన బల్ల) అయినా కాసేపట్లో బయటికొస్తుంది. మొన్న మా మేనమామ కొడుకు సెలవు మీద వచ్చాడు, నేవీలో సెయిలర్. కుర్చీలోంచి లేవడానికే అవస్థ పడుతున్నాడు. ఏమైందిరా అంటే, ఓడ బయలుదేరే ముందు రేషన్ ఎక్కించాం, జెట్టీ మీంచి కింది స్టోరు దాకా వరసగా నిలబడి బస్తాలు చేతులు మార్చుకోవడమే అన్నాడు. వేల కోట్ల ఓడ, బటన్ నొక్కితే క్షిపణి పోతుంది, బంగాళదుంపల బస్తా మాత్రం వీపు మీద! మన హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో నేవీకి 5 ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు, అంటే సముద్రంలో యుద్ధనౌకలకి సరుకు అందించే ఓడలు కడుతున్నారు, ఒక్కోటి 44,000 టన్నులు. వాటిలోనైనా మేం గోదాముల్లో పెట్టే సిస్టమ్ ఎందుకు పెట్టకూడదు? అడ్డం డబ్బా, అలవాటా, నిజంగానే సాంకేతిక ఇబ్బందా? తెలిసినవాళ్లు చెప్పండి.

భీమిలి_బుల్లోడు
బంగాళదుంపలు నయం. ఉల్లిపాయల బస్తా చిరిగి నిచ్చెన మీంచి దొర్లితే కింద ఉన్నవాడి పరిస్థితి మా చిన్నాన్న చెబుతుంటే కడుపుబ్బా నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

మాజీ_నావికుడు
శ్రీనూ, ప్రశ్న మంచిదే కానీ రెండు పనుల్ని ఒకటిగా కలిపేశావు. జెట్టీ దగ్గర ఎక్కించడం ఒకటి, నడిసముద్రంలో ఇంకో ఓడ నుంచి తీసుకోవడం ఒకటి. రెండోదాన్ని మేం రాస్ అంటాం. రెండు ఓడలు నలభై యాభై మీటర్ల ఎడంలో, 12 నుంచి 15 నాట్ల వేగంతో, గంటల తరబడి పక్కపక్కనే పోతుంటాయి. మధ్యలో బిగించిన వైరు మీద ప్యాలెట్ జారుకుంటూ వస్తుంది. ఫోటోల్లో అదే గొప్పగా కనిపిస్తుంది. అసలు చాకిరీ ఆ తర్వాత మొదలవుతుంది.

ప్యాలెట్ డెక్ మీద వాలగానే వల విప్పాలి, పట్టీలు కోయాలి, తర్వాతి ప్యాలెట్ వచ్చేలోపు ఆ చోటు ఖాళీ చేయాలి. డెక్ తడిగా ఉంటుంది, ఉప్పునీటికి తోడు ఎక్కడో ఒకచోట గ్రీజు. హ్యాచ్, అంటే కిందికి దిగే కంత చుట్టూ నీళ్లు లోపలికి పోకుండా ఇనుప అంచు లేచి ఉంటుంది. దాని మీంచి 25 కిలోల బస్తా దాటించాలి. కింద నిచ్చెన మీద ఒక చేత్తో కమ్మీ పట్టుకుని ఒకడు, వాడి కింద ఇంకొకడు. నడుం వంచకుండా ఎత్తమని ట్రైనింగ్‌లో చెబుతారు, ఆ ఇరుకులో నడుం వంచకుండా ఎత్తేందుకు జాగా ఉంటేగా! పైన వచ్చే వేగానికి కింద సర్దే వేగం ఎప్పుడూ అందుకోదు. సరఫరా ఓడ ఎంత జోరుగా పంపినా తీసుకునే ఓడ మింగగలిగినంతే మింగుతుంది. అంతసేపూ రెండు ఓడలూ వైరుతో కట్టుబడి ఉంటాయి, ఆ టైములో సబ్‌మెరైన్ కంట పడితే తప్పించుకునే దారి ఉండదు.

అందుకే నా మాట: ఆటోమేషన్ అవసరం సరఫరా ఓడలో కంటే తీసుకునే ఓడ కడుపులో ఎక్కువ. నువ్వు అడిగింది 44,000 టన్నుల ఓడ గురించి. నడుములు పోయేది ఫ్రిగేట్లు, కార్వెట్లు లాంటి చిన్న యుద్ధనౌకల్లో.

గాజువాక_శ్రీను
ఆ కోణం నాకు తట్టలేదు సార్. మరి నిచ్చెన పక్కనే ఒక చిన్న లిఫ్టు పెడితే పోదా? నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లో పెడుతున్నాం.

లావణ్య_నేవల్‌ఆర్క్
పెట్టొచ్చు, చాలా ఓడల్లో స్టోర్ లిఫ్టులు, ఆయుధాల లిఫ్టులు ఉన్నాయి కూడా. కాకపోతే అపార్ట్‌మెంట్‌తో పోల్చకండి. యుద్ధనౌకను నీరు చొరబడని అడ్డగోడలతో గదులుగా విడగొడతారు. ఒక గదికి చిల్లు పడినా పక్క గది పొడిగా ఉండాలి. మీ గోదాములో షటిల్‌కి కావాల్సింది పొడవాటి ఖాళీ దారి. ఓడలో ఆ దారి వేస్తే ప్రతి అడ్డగోడకీ ఒక కంత, ప్రతి కంతకీ నీరూ నిప్పూ ఆపే తలుపు, ఆ తలుపు మూసుకోవాలంటే దాని కింద పట్టా తెగి ఉండాలి. లిఫ్టు గొయ్యి అయితే మరీ ప్రమాదం, అది పొగకీ మంటకీ నిలువు చిమ్నీ. కాబట్టి ప్రతి డెక్ దగ్గరా దాన్ని మూసే హ్యాచ్ ఉండాలి.

ఇంకో లెక్క చూడండి. ఓడ 15 డిగ్రీలు ఒరిగితే టన్ను ప్యాలెట్‌ని పక్కకి లాగే బలం దాదాపు 260 కిలోల బరువంత. అది నిలకడగా ఒరిగి ఉన్నప్పటి మాట. ఊగుతున్నప్పుడు దానికి త్వరణం తోడవుతుంది, కొన్ని సెకన్లకోసారి దిక్కు మారుతుంది. మీ షటిల్ ప్యాలెట్‌ని కింద నుంచి ఎత్తి మోస్తుందే గానీ పట్టుకోదు కదా?

గాజువాక_శ్రీను
పట్టుకోదు. బరువు మీదే నిలబడుతుంది. లావణ్య గారూ, ఈ ఒక్క మాటతో మా డిజైన్‌లో సగం పోయింది :) క్లాంపు పెట్టాలి, ర్యాకులో పెట్టాక కూడా లాక్ పడాలి.

సెకండ్‌మేట్_కాకినాడ
మర్చంట్ నేవీ వైపు నుంచి ఒక మాట. కంటైనర్లలో మనకి ఈ తలనొప్పి లేదు, ఎందుకంటే ఎవరూ సముద్రం మధ్యలో కంటైనర్ తెరవరు. చివరి రేవుది అడుగున, మొదటి రేవుది పైన. అంతా ముందే తెలుసు. విళింజం రేవులో చూడండి, యార్డు క్రేన్లు ఆటోమేటిక్, ఓడ పక్క క్రేన్లని కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నడుపుతున్నారు. కానీ అక్కడ క్రేన్ నేల మీద ఉంది, యుద్ధనౌకలో క్రేన్ కూడా ఊగుతుంది.

నేవీ సరఫరా ఓడకి రేపు ఎవరు ఏమడుగుతారో తెలియదు. ఒక ఓడకి గేర్‌బాక్స్ సీలు, ఇంకోదానికి పాలపొడి, మూడోదానికి గుండ్లు. ఏది అడిగినా తీయాలంటే ప్రతి ప్యాలెట్ దాకా ఫోర్క్‌లిఫ్ట్ వెళ్లే దారి ఉంచాలి. ఆ దారులకే బోలెడంత జాగా పోతుంది.

గాజువాక_శ్రీను
దీనికి మా రంగంలో జవాబుంది. చిన్నప్పుడు పదిహేను అంకెల బిళ్లల్ని ఒక ఖాళీ గడితో జరుపుతూ ఆడేవాళ్లం చూడండి, అలా ప్యాలెట్లని దారి లేకుండా కిక్కిరిసి పెట్టి ఒకటి రెండు ఖాళీ గళ్లతో కావాల్సినదాన్ని అంచుకి తెచ్చే పద్ధతి ఉంది. జాగా బాగా ఆదా అవుతుంది. టైము ఎక్కువ పడుతుంది, కానీ రాస్‌కి ఏం కావాలో ముందురోజే చెబుతారు కదా, రాత్రంతా సిస్టమ్ దానంతటదే సర్దిపెట్టుకోవచ్చు.

మాజీ_నావికుడు
ఆ గళ్లలో ఒకదాని మోటారు కాలిపోతే?

గాజువాక_శ్రీను
ఆ గడి చుట్టూ తిప్పుకోవాలి. మూడు నాలుగు పోతే వెనకున్నవి ఇరుక్కుంటాయి.

మాజీ_నావికుడు
అదే అడగాలనుకున్నది.

నార్ఫోక్_తెలుగోడు
వర్జీనియాలో ఉంటాను, నార్ఫోక్ నేవీ బేస్ పక్కనే. ఈ చర్చలో జెరాల్డ్ ఫోర్డ్ విమానవాహక నౌక కథ రాకపోతే ఎలా? పాత నిమిట్జ్ ఓడల్లో ఆయుధాల లిఫ్టులు వైరు తాళ్లతో నడిచేవి, 10,500 పౌండ్లు, నిమిషానికి 100 అడుగులు. ఫోర్డ్‌లో తాళ్లు తీసేసి లీనియర్ మోటార్లు (గుండ్రంగా తిరగకుండా నేరుగా నెట్టేవి) పెట్టారు, 24,000 పౌండ్లు, నిమిషానికి 150 అడుగులు. కాగితం మీద అద్భుతం. 2017లో ఓడ నేవీ చేతికొచ్చేసరికి 11 లిఫ్టుల్లో ఒక్కటీ వాడకానికి సిద్ధంగా లేదు. 2019 వేసవికల్లా అవి పని చేయకపోతే నన్ను తీసేయండని నేవీ కార్యదర్శి రిచర్డ్ స్పెన్సర్ ఏకంగా అధ్యక్షుడికి చెప్పారు. ఆ గడువు దాటింది. ఆయన పదవి అదే ఏడాది నవంబర్‌లో వేరే గొడవలో పోయింది. పదకొండో లిఫ్టు అప్పజెప్పింది 2021 డిసెంబర్‌లో.

కొత్త టెక్నాలజీని నేల మీద పూర్తిగా పరీక్షించకుండా నేరుగా ఓడలో బిగించడమే పెద్ద పొరపాటు. ఫిలడెల్ఫియాలో టెస్ట్ కేంద్రం కట్టింది సమస్యలు బయటపడ్డాక. తర్వాతి ఓడ జాన్ ఎఫ్. కెనెడీ అప్పగింత కూడా 2027కి వాయిదా పడింది, చెప్పిన కారణాల్లో ఈ లిఫ్టులూ ఉన్నాయి.

షిప్‌యార్డ్_వెల్డర్
నార్ఫోక్ అన్నా, ఇందులో మా పని కూడా ఉంది. ఓడ అంటే నిలకడగా ఉండే వస్తువనుకుంటారు. ఇనుము మీటరుకి ఒక డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. 20 డిగ్రీల తేడాకి పది మీటర్ల పట్టా రెండున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. విశాఖ ఎండలో పొద్దున్న తీసిన లైను మధ్యాహ్నానికి ఉండదు. అందుకే కీలకమైన కొలతలు తెల్లవారుజామునో రాత్రో తీస్తాం. ఇక వెల్డింగు వేడికి ప్లేటు గుంజుకుపోవడం ఉండనే ఉంది. ఓడ నీటిలోకి దిగాక, ట్యాంకులు నిండాక, మధ్యలో అల మీద ఎక్కినప్పుడు ఒకలా, రెండు కొసలూ అలల మీద ఉన్నప్పుడు ఇంకోలా వంగుతుంది. తాడు లిఫ్టు ఆ వంపుని భరిస్తుంది. సన్న ఖాళీతో నడిచే మోటారు, దానికి తోడు గొయ్యి పొడుగునా పదుల తలుపులు, హ్యాచులు, అన్నీ ఒకే వరసలో ఉండాలంటే ఎలా కుదురుతుంది? ఇంజనీర్లు గీతలో తేడా సున్నా అని పెడతారు, ఆ సున్నా మా చేతికి రాదు.

లావణ్య_నేవల్‌ఆర్క్
ఇది మా క్లాసులో కూడా ఇంత బాగా చెప్పలేదు అన్నా.

పోర్ట్స్‌మత్_ప్రసాద్
ఫోర్డ్‌ని చూపించి ఆటోమేషనే వద్దనకండి. ఇక్కడ బ్రిటన్ వాళ్ల క్వీన్ ఎలిజబెత్, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ విమానవాహక నౌకల్లో బాబ్‌కాక్ సంస్థ చేసిన ఆయుధ నిర్వహణ వ్యవస్థ ఉంది. ఆయుధాలు ప్యాలెట్ల మీద ఉంటాయి, పట్టాల మీద తిరిగే యంత్రాలు ఆ ప్యాలెట్ల కిందికి దూరి పైకెత్తి లిఫ్టు దాకా తెస్తాయి. వాటిని మోల్స్ అంటారు. నడిపేవాళ్లు కంట్రోల్ గదిలో ఉంటారు, మ్యాగజైన్ (ఆయుధాలు దాచే గది) లోపల మామూలుగా మనిషి ఉండనక్కర్లేదు. పాత పద్ధతితో పోలిస్తే ఆ పనికి కావాల్సిన మనుషులు మూడో వంతుకి తగ్గారు. 65,000 టన్నుల ఓడకి మూల సిబ్బంది సుమారు 700 మందే ఉండడానికి ఇదీ ఒక కారణం.

శ్రీను గారు గమనించాల్సింది ఏంటంటే, దాని మూలం నేల మీది గోదాములే. బయట అప్పటికే నలిగిన పద్ధతిని తీసుకుని ఓడ ఊపుకీ పేలుడు అదురుకీ తట్టుకునేలా మార్చారు. అమెరికా వాళ్లు వేగం కోసం పోయారు, వీళ్లు మనుషుల్ని తగ్గించడం కోసం పోయారు.

ఎన్‌ఏడీ_కొత్తరోడ్
ఆయుధ డిపోలో ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాను, డిపో విషయాలు ఇక్కడ రాయను. కానీ ఒకటి అందరూ వదిలేశారు. బియ్యం బస్తా, బాంబు ఒకటి కావు. పేలుడు పదార్థాల్లో ఏది దేని పక్కన ఉండకూడదో కచ్చితమైన నియమాలుంటాయి, డిటోనేటర్లు ఒకచోట, పెద్ద పేలుడు మందు ఇంకోచోట. మీ సాఫ్ట్‌వేర్ జాగా కలిసొస్తుందని రాత్రిపూట సర్దేసుకుంటానంటే ఒప్పుకోరు. రెండోది, ట్యాగులు, వైఫై, రేడియో స్కానర్లు. విద్యుత్తుతో పేలే ఫ్యూజులున్నచోట రేడియో తరంగాలు కూడా ప్రమాదమే, ప్రతి పరికరానికీ ఎంత దూరమో చూసి అనుమతి తీసుకోవాలి. కరెంటు ఎంత పని చేస్తుందో 1967 జులై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్‌లో చూశారు. విమానం బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకి మారేటప్పుడు వోల్టేజి ఎగిరి రాకెట్ దానంతటదే దూసుకెళ్లింది, మంటలు లేచాయి. 134 మంది పోయారు.

గాజువాక_శ్రీను
మా గోదాము మొత్తం వైఫై మీదే నడుస్తుంది. ఇక్కడైతే కేబులు, ఆప్టికల్ సెన్సర్లు వాడాలన్నమాట. ఆప్టికల్ అయితే ఉప్పు పొర పడుతుంది.

మాజీ_నావికుడు
పడుతుంది. డెక్ మీదున్న ఏ అద్దమైనా ఒక రోజు తుడవకపోతే తెల్లగా పొర కడుతుంది, వేలితో గీస్తే గరగరలాడుతుంది.

సింగరేణి_బిడ్డ
మీరంతా యంత్రాల గురించి మాట్లాడుతున్నారు, నేను మనుషుల గురించి అడుగుతా. మా సింగరేణిలో 90ల మొదట్లో లక్షకు పైగా కార్మికులు. లాంగ్‌వాల్ యంత్రాలు, ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) గనులు వచ్చినంక ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు ఎక్కువే వస్తుంది, ఊళ్లల్ల కొలువులు లేవు. మూడో వంతుకు తగ్గింది అని ప్రసాద్ గారు సంతోషంగా రాసిండ్రు. ఆ తగ్గిన రెండు వంతుల పిల్లలు ఎక్కడికి పోవాలె?

పోర్ట్స్‌మత్_ప్రసాద్
మీ బాధ అర్థమైంది అన్నా. కానీ ఇక్కడ నేవీకి మనుషులు దొరకడమే కష్టంగా ఉంది, సిబ్బంది చాలక ఓడలు రేవులో ఉండిపోయిన సందర్భాలున్నాయి.

సింగరేణి_బిడ్డ
అది బ్రిటన్. మన దగ్గర ఒక్క పోస్టుకి ఎంతమంది రాస్తారో మీకు తెలియదా? అక్కడి కారణం తెచ్చి ఇక్కడ పెడితే ఎట్లా?

మాజీ_నావికుడు
సింగరేణి తమ్ముడి మాటలో బలముంది, ఉద్యోగాల సంగతే కాదు, ఓడ ప్రాణం సంగతి కూడా. బస్తాలు మోసే చేతులే నిప్పంటుకున్నప్పుడు హోస్ పట్టుకుంటాయి. తగ్గిస్తే ఆ రోజు ఎవరు పట్టుకుంటారు? 2020 జులై 12న శాన్ డియాగో రేవులో అమెరికా ఓడ బాన్‌హోమ్ రిషార్ తగలబడింది. మంట మొదలైంది కింది వాహనాల డెక్‌లో, మరమ్మతుల టైములో అక్కడ అట్టపెట్టెలు, సామాన్లు పేర్చి పెట్టారు. నురుగు చల్లే వ్యవస్థ ఓడలో ఉంది, టైముకి ఎవరూ దాని బటన్ నొక్కలేదు. నాలుగు రోజులకు పైగా కాలి చివరికి తుక్కుకి పోయింది. యంత్రం ఉండడం వేరు, దాన్ని వాడే అలవాటున్న మనుషులు ఉండడం వేరు.

అందుకని మనుషుల్ని తగ్గించడానికి కాకుండా వాళ్ల నడుములు కాపాడడానికి పెట్టమంటాను. మిగిలిన టైములో నిద్రపోనివ్వండి, ఫైర్ డ్రిల్ చేయించండి.

లావణ్య_నేవల్‌ఆర్క్
పెద్దాయనతో ఒక చోట విభేదిస్తాను. మనుషుల్ని తగ్గించకపోతే ఈ వ్యవస్థ బరువు, జాగా, ఖర్చు ఓడలోకి రాదు. తగ్గిన ఒక్కో మనిషికీ బంకు, నీళ్లు, తిండి, ఏసీ తగ్గుతాయి, ఆ జాగాలోనే యంత్రం కూర్చుంటుంది. రెండూ ఉంచుతామంటే ఫ్రిగేట్‌లో చోటు చాలదు. పెద్ద సరఫరా ఓడలో అయితే కుదురుతుంది.

మాజీ_నావికుడు
లావణ్యమ్మా, నేనడిగేది పెద్ద వ్యవస్థ కాదు. హ్యాచ్ దగ్గర మడిచి పెట్టుకునే కన్వేయరు, నిచ్చెన పక్కన బస్తా పట్టేంత నిలువు ఎలివేటరు. దానికి ఎంత జాగా పడుతుంది?

లావణ్య_నేవల్‌ఆర్క్
అంతే అయితే పడుతుంది. పాత ఓడలో కూడా పెట్టొచ్చు, డెక్‌లో కొత్త కంత కోయనక్కర్లేకపోతే.

పాతఓడల_పిచ్చి
ఇవేవీ కొత్తవి కావు. 1960ల మొదట్లోనే అమెరికా వాళ్లు మార్స్, శాక్రమెంటో ఓడల్లో సరుకు పంపే పనిని ఆటోమేటిక్ చేయాలని ఫాస్ట్ అనే షటిల్ వ్యవస్థ పెట్టారు. సంక్లిష్టమైపోయి దాన్ని వదిలి బిగించిన వైరు మీద పంపే సులువైన స్ట్రీమ్ పద్ధతికి వచ్చారు. ఆ పద్ధతే దశాబ్దాలుగా నడుస్తోంది. తర్వాత బరువు పెంచే పని మొదలైంది, ఒక్కో లోడు 5,700 పౌండ్ల నుంచి 12,000 పౌండ్లకి. బ్రిటన్ వాళ్లు కూడా 2 టన్నుల నుంచి 5 టన్నులకి పెంచే రిగ్గుని ముందు కార్న్‌వాల్‌లో నేల మీద కట్టి, నావికులకి దాని మీదే శిక్షణ ఇచ్చారు.

అమెరికా యుద్ధనౌక జుమ్‌వాల్ట్ డిస్ట్రాయర్ ఇంకో రకం. మ్యాగజైన్ నుంచి తోపు దాకా గుండు మనిషి చేయి తగలకుండా వచ్చేలా కట్టారు. గుండు ఒక్కోటి 8 లక్షల డాలర్లకి చేరేసరికి 2016లో కొనుగోలే ఆపేశారు. ఇప్పుడు ఆ తోపులు పీకేసి హైపర్‌సోనిక్ క్షిపణులు పెడుతున్నారు. మ్యాగజైన్ యంత్రాన్ని ఒకే రకం గుండు కొలతలకి కట్టారు, ఆ గుండు పోతే అది ఎందుకూ పనికిరాదు.

సెకండ్‌మేట్_కాకినాడ
ఈ చివరి మాట ముఖ్యం. ఓడ ముప్పై నలభై ఏళ్లుంటుంది. సరుకు డబ్బా కొలత, క్షిపణి పొడవు, అన్నీ మారతాయి. యంత్రం ప్యాలెట్‌ని పట్టుకోవాలి గానీ లోపలి వస్తువుని కాదు.

భీమిలి_బుల్లోడు
అంటే ఉల్లిపాయల్ని కూడా ప్యాలెట్ మీదే కట్టి పంపమనండి, మా చిన్నాన్న సంతోషిస్తాడు.

షిప్‌యార్డ్_వెల్డర్
ఫ్లీట్ సపోర్ట్ షిప్పుల కాంట్రాక్టు 2023 ఆగస్టులో అయింది, సుమారు 19,000 కోట్లు. 2024 ఏప్రిల్‌లో మొదటి ప్లేటు కోశారు. శ్రీను తమ్ముడూ, ఉక్కు కోయడం మొదలయ్యాక పెద్ద మార్పులు అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఒక కంత జరిపితే పైపులు, కేబుళ్లు, ఏసీ డక్టులు అన్నీ జరగాలి. ఓడ నడిచాక మరమ్మతుకి వచ్చినప్పుడు బిగించగలిగేది ఏదైనా ఆలోచించు. బోల్టులతో బిగేది, వెల్డింగు తక్కువుండేది.

గాజువాక_శ్రీను
అందరి మాటలూ రాసుకున్నాను. పెద్ద ఆటోమేటిక్ గోదాము ఆలోచన పక్కన పెడుతున్నా. మా వర్క్‌షాపులో పాత బకెట్ ఎలివేటరు (చైన్‌కి కట్టిన బకెట్లతో సరుకు పైకి తెచ్చేది) ఒకటి పడుంది, దాన్ని 25, 50 కిలోల బస్తాలకి సరిపడేలా, ముక్కలుగా విప్పి హ్యాచ్‌లోంచి దించగలిగేలా మార్చి చూస్తా. ఒరిగే బల్ల మీద పెట్టి పరీక్షించాలి. లావణ్య గారూ, ఎన్ని డిగ్రీలకి చేయమంటారు?

లావణ్య_నేవల్‌ఆర్క్
పనిచేయడానికి 15, ఆపేసినప్పుడు విడిపోకుండా నిలవడానికి 30 పెట్టుకోండి. నిలబెట్టి ఒరిగిస్తే సరిపోదు, పది సెకన్లకో ఊపు చొప్పున గంటలకొద్దీ ఊపాలి. చైన్ పళ్లు జారేది అప్పుడే తెలుస్తుంది. మధ్యలో బస్తా ఉండగా కరెంటు తీసేసి కూడా చూడండి.

మాజీ_నావికుడు
కరెంటు పోయినప్పుడు బస్తా కిందికి జారకూడదు, అది మొదటిది. రెండోది, చేత్తో తిప్పే హ్యాండిల్ ఉండాలి, గ్లోవ్స్ వేసుకున్న చేతికి, చీకట్లో, వెతక్కుండా దొరకాలి. మూడోది, ముక్కలుగా విప్పేటట్టయితే ఒక్కో ముక్క ఇద్దరు మోయగలిగే బరువు దాటనివ్వకు. మీ మేనమామ కొడుకు సెలవు అయిపోకముందే అతన్ని పిలిచి బస్తాలు వేయించు, ఎక్కడ చేయి నలుగుతుందో అతనే చెబుతాడు.

గాజువాక_శ్రీను
ఆదివారం వస్తానన్నాడు. బస్తాలు మాత్రం ఎత్తనంటున్నాడు, పక్కన కుర్చీ వేస్తే కూర్చుని చెబుతాడట.